కొరివి బ్యాండు

అంబాజీపేట
9 జూన్ 2024

అత్తకి, మత్తయి వందనాలు.

నువ్వు పంపిన ఉన్ని శాలువా అందింది. ఇక్కడి ఎండలకి దాన్ని చూస్తేనే చెమట పట్టేస్తోంది. "మీ అత్త కొండల మీద ఉండి ఉండి కోనసీమ ఎలా ఉంటుందో మర్చిపోయింది" అని అమ్మ నవ్వి, బీరువాలో దాచింది.

ఫోను ఉండగా ఇంకా ఈ ఉత్తరాలేమిటని పోస్టాఫీసులో అడుగుతున్నారు. నా నత్తి సంగతి వాళ్ళకేం తెలుసు! నేను "హలో"లో "హ" దగ్గర ఆగిపోతే, సిగ్నల్ లేదనుకుని అవతలివాళ్ళు పెట్టేస్తారు. నువ్వు ఒరిస్సా కొండల్లో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళిపోతూ, "నోటితో రాకపోతే చేత్తో చెప్పరా" అని నాకు కవర్ల కట్ట కొనిచ్చావు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇరవై ఏడు వచ్చినా నేను నిండుగా మాట్లాడేది నీతోనే.

ఇప్పుడు ఇంకో దారి కూడా దొరికింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. మేం ముగ్గురం కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నాం. నేను గిటారు. డ్రమ్ములు వీరేంద్ర. అంతర్వేది వైపు పడవలవాళ్ళబ్బాయి, చేపల ఐసుపెట్టెలు తోలే ట్రాలీ ఆటో ఉంది వాడికి. బేస్ గిటారు పింకీ, అమలాపురంలో కంప్యూటర్లు చెబుతుంది. పాటగాడు లేడు. కావాలనే పెట్టుకోలేదు. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే నా ల్యాబ్ పని అయ్యాక, సాయంత్రాలు మాణిక్యాలరావు గారి కొబ్బరి గోదాంలో వాయించుకుంటాం. అక్కడ అటక మీద కురిడీ కాయలు ఎండబెట్టి ఉన్నాయి. పింకీ లావు తీగ మీటితే, కాయల్లో ఎండిన కొబ్బరి గలగలమంటుంది. ఎంత బాగుంటుందో!

మాది సైకెడెలిక్ రాక్. పేరు "కొరివి". గట్ల వెంట తల మీద మంటతో నడిచే కొరివి దెయ్యం కథ నాయనమ్మ చెప్పేది కదా, అది. మా వరసలన్నీ అలాంటి కథల మీదే.

నాన్నకి ఇంకా చెప్పలేదు. చర్చి కమిటీ పెద్ద గారి కొడుకు దెయ్యాల పేరుతో బ్యాండు పెట్టాడంటే ఏమంటారో తెలీదు. నువ్వు కూడా చెప్పకు.

నీ మేనల్లుడు,
మత్తయి


ఆసుపత్రి క్వార్టర్స్
18 జూన్ 2024

ఒరేయ్ నా బంగారు తండ్రీ,

బ్యాండు పెట్టావంటే ఎంత సంతోషం వేసిందో! కానీ పెళ్ళిళ్ళన్నీ అయిపోయి ఆషాఢం వస్తుంటే పెట్టావేమిట్రా, ఎవరు పిలుస్తారు? మన వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళుతుంటే నువ్వు నా కొంగు పట్టుకుని బాకా వాడి బుగ్గలకేసి చూస్తుండేవాడివి. డ్రెస్సు ఏ రంగు కుట్టించారు? భుజాల మీద జరీ కుచ్చులు పెట్టించండి, వాటితోనే వస్తుంది దర్జా. క్లారినెట్టు ఊసే ఎత్తలేదు నువ్వు. క్లారినెట్టు లేని బ్యాండు నేనెక్కడా చూడలేదు. పాటగాడు లేకపోయినా పాట పాడేది అదే కదా.

ఇక్కడి దాకా నిన్న రాశాను. ఈ పొద్దున రౌండ్సులో మా డాక్టరమ్మని సైకెడెలిక్ అంటే ఏమిటని అడిగాను. మత్తుమందులు తిన్నవాళ్ళకి లేనివి ఉన్నట్టు కనపడడాన్ని అంటారని చెప్పింది. మత్తయీ, నేను నీకు పాలు కలిపి పట్టినదాన్ని, నా దగ్గర దాచకు. ఆ గోదాంలో ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు? నిద్ర పడుతోందా? కళ్ళు ఎర్రగా ఉంటున్నాయా? అద్దంలో చూసుకుని ఉన్నది ఉన్నట్టు రాయి. తిట్టను. తిట్టినా నీ మంచికే.

పింకీ ఎవరి అమ్మాయి?

ఆత్రంగా ఎదురుచూస్తూ,
సుందరత్త


అంబాజీపేట
1 జూలై 2024

అత్తా,

అద్దంలో చూసుకున్నాను. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. నిద్ర బాగా పడుతోంది. గోదాంలో తినేది పకోడీలు, తాగేది గోళీసోడా. పింకీకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ సోడా మీద పోసుకుంది. వాళ్ళ నాన్న విజయ్ కుమార్ గారు కొత్తపేట బ్యాంకులో చేస్తారు. ఇంతకన్నా అడగకు.

మాది పెళ్ళి బ్యాండు కాదత్తా. కరెంటు గిటార్లు, పెద్ద శబ్దం, నెమ్మది నడక. ఒకే వరస తిరిగి తిరిగి వస్తూ, వచ్చిన ప్రతిసారీ కాస్త రంగు మారుతుంది. వినేవాడికి చీకట్లో పుంత దారిన పోతున్నట్టుండాలి, ముందు ఏదో వెలుగు కనపడి దగ్గరికి వెళితే ఇంకా దూరం జరిగినట్టుండాలి. ఏ మందూ లేకుండా అలా అనిపించాలి. అదీ మా పని. మేం దెయ్యాన్ని పిలవడం లేదు. నాయనమ్మ కథ చెబుతుంటే మన వీపు జలదరించేది చూడు, ఆ జలదరింపుని వాయిస్తున్నాం.

పోయిన శనివారం సాయంత్రం మొదటిసారి జనం ముందు వాయించాం. అమలాపురం, రాజమండ్రి నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. గోదాం కిక్కిరిసింది. కొబ్బరి పీచుతో మొహాలు తయారుచేసి తగిలించుకున్నాం. డ్రమ్ముల చుట్టూ పింకీ గుండ్రంగా ముగ్గు వేసి, దాని మీద ప్రమిదలు పెట్టింది. మొహం కనపడకపోతే నాకెంత ధైర్యం వస్తుందో నీకు చెప్పలేను. ఎవరూ నా నోటికేసి చూడరు, వేళ్ళకేసే చూస్తారు. వాయించడం అయ్యాక ఒక కుర్రాడు వచ్చి నన్ను కౌగలించుకున్నాడు. ఒక్క మాట కూడా అవసరం పడలేదు.

ఎవరో వీడియో తీసి పెట్టారట. చాలామంది చూస్తున్నారు.

మత్తయి


ఆసుపత్రి క్వార్టర్స్
12 జూలై 2024

నాయనా మత్తయీ,

నీ కళ్ళు తెల్లగా ఉన్నాయని చదివాక అన్నం సయించింది.

ముగ్గు వేయడం, దీపాలు పెట్టడం ఎందుకో నాకు నచ్చలేదు. నాకు దెయ్యాల భయం లేదు. ఇన్నేళ్ళ ఆసుపత్రి ఉద్యోగంలో చావులు చూశాను, పుట్టుకలు చూశాను, దెయ్యాన్ని మాత్రం చూడలేదు. నాకు భయం మనుషులతోనే. ఏమీ తెలియని వాళ్ళు దూరం నుంచి చూస్తే ఏమనుకుంటారో కాస్త ఆలోచించండి.

కొరివి దెయ్యం కథ ఎక్కడిదో నీకు తెలుసా? మా అమ్మ ఊడ్పులకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చేది. నేనూ మీ నాన్నా ఎదురెళతామని కాలవ గట్టెక్కేవాళ్ళం. కాలవలో పడతామని ఆవిడకి హడలు. అందుకని తల మీద మంటతో దెయ్యం తిరుగుతుందని చెప్పి మమ్మల్ని గుమ్మం దాటకుండా చేసింది. "మరి నీకు భయం లేదామ్మా" అంటే, "దానికే నేనంటే భయం, నాట్లెయ్యమంటానని" అనేది. ఆవిడ కథకి గిటారు కట్టావంటే నా మనసు ఎలాగో అయిపోయింది. వింటే ఏమనేదో.

అన్నట్టు నిన్న మీ నాన్న ఫోను చేశాడు. చెప్పకూడదనే అనుకున్నాను. మాటల్లో "నీ కొడుకు బ్యాండు బాగా నడుస్తోందటగా" అని నోరు జారాను. "ఊఁ" అని పెట్టేశాడు. కోప్పడలేదు. లోపల సంతోషించాడనుకుంటా. సీమోను చిన్నప్పటినుంచీ అంతే, సంతోషాన్ని కూడా పైకి కనపడనివ్వడు.

నీ
సుందరత్త


అంబాజీపేట
4 ఆగస్టు 2024

అత్తకి,

నాన్న సంతోషించలేదు. నేను ల్యాబ్ మానేసి పెళ్ళి బ్యాండులో చేరాననుకున్నారు. "మాట రాని పిల్లాడని అంత కష్టపడి చదివిస్తే బాకా ఊదుకుంటాడా" అన్నారట అమ్మతో. నాలుగు రోజులకి ఎవరో ఆ వీడియో చూపించారు. అది చూశాక పెళ్ళి బ్యాండే నయమనిపించి ఉంటుంది.

అది చిన్న విషయం. అసలు సంగతి వేరు.

గోదాం వెనకే మంగాయమ్మ గారిల్లు. ఆవిడ కోడలు తులసక్కకి ఎనిమిదో నెల. కొన్నాళ్ళుగా తలనొప్పి అంటోందట. కాళ్ళూ మొహమూ పొంగిపోయాయి. నిన్నటి నుంచీ కళ్ళ ముందు నిప్పురవ్వలు ఎగురుతున్నాయని ఏడుస్తోంది. నిప్పురవ్వలు అనేసరికి అందరికీ మా బ్యాండు పేరు గుర్తొచ్చింది. కొరివి దెయ్యం పట్టింది, పట్టించింది మేమే అన్నారు. ముగ్గు వేశాం, దీపాలు పెట్టాం, మొహాలు కప్పుకున్నాం. మా వరసలకి మాటలు లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అయింది. మంత్రం పైకి చదవకూడదట, లోపలే అనుకోవాలట.

ఇవాళ మేం వాయిస్తుండగా పదిమంది లోపలికొచ్చేశారు. మంగాయమ్మ గారి మరిది చిట్టిబాబు గారు నా చొక్కా పట్టుకున్నారు.

"మా పిల్లని ఏం చేసేవురా? చెప్పు!"

"ఏమీ చెయ్యలేదండి" అనాలి. "ఏ" దగ్గరే దవడ బిగుసుకుపోయింది. నా ఆయాసం నాకే వినపడుతోంది.

"చూసేరా, నాలిక కట్టేసింది. తప్పు చేసినోడికి మాటెలా వస్తుంది?" అన్నారాయన.

"మత్తయికి పుట్టినప్పణ్ణుంచీ నత్తండీ బాబూ!" అని పింకీ అరిచింది. ఎవరూ వినలేదు. వీరేంద్ర అడ్డొస్తే కింద పడేశారు, మోచెయ్యి చీరుకుపోయింది. మాణిక్యాలరావు గారు వచ్చి "నా సరుకున్న చోట ఈ గొడవలొద్దండి, దణ్ణం పెడతాను" అని అందర్నీ బయటికి పంపి, మా వాయిద్యాలు లోపల ఉండగానే తాళం వేసేశారు. చివరికి నాన్న వచ్చారు. కింద పడున్న పీచు మొహాన్ని చేత్తో తీసి అటూ ఇటూ చూశారు. "ఇంటికి పద" అన్నారు.

చొక్కా పట్టుకున్నందుకు కాదత్తా నా బాధ. నా ముందే నా గురించి తీర్పు చెప్పేస్తుంటే ఒక్క మాట అడ్డం వెయ్యలేకపోయాను.

వచ్చే ఆదివారం కమిటీ పిలిచింది. బ్యాండు మానేస్తానని చెప్పేస్తాను. తులసక్కకి భూతవైద్యుడి చేత తాయెత్తు కట్టిస్తారట.

మత్తయి


ఆసుపత్రి క్వార్టర్స్
9 ఆగస్టు 2024

మత్తయీ,

నువ్వీ ఉత్తరం చదివేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మధ్యాహ్నం నీ ఉత్తరం సగం చదివి లేచి పరిగెత్తాను. ఎనిమిదో నెల, వాపులు, తలనొప్పి, కళ్ళ ముందు రవ్వలు. అది దెయ్యం కాదురా, బీపీ. కడుపుతో ఉన్నవాళ్ళకి అలా పెరిగితే ఫిట్స్ వస్తాయి. ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. నీ ఉత్తరం దారిలో ఉన్నన్ని రోజులూ ఆ పిల్ల తాయెత్తు కట్టుకుని పడుకుంది.

మీ నాన్నకి చేస్తే ఎత్తలేదు. అందుకే నీకు చేశాను. నువ్వు "అత్తా" అనడానికి గింజుకుంటున్నావు. "మాట్లాడకు, విను. తులసికి అది బీపీ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే ఇద్దరూ దక్కరు. ఫోను స్పీకర్లో పెట్టి మంగాయమ్మ ఇంటికి వెళ్ళు, నేను చెబుతాను" అన్నాను. నువ్వు వెళ్ళావు. నీ చెప్పుల చప్పుడు వినపడింది. ఎవరో "మళ్ళీ వచ్చేడు వీడు!" అన్నారు. నేను "వదినా, సుందరాన్ని, తులసిని తక్షణం..." అన్నానో లేదో లైను తెగిపోయింది. ఇక్కడ కుండపోత వాన. అప్పటినుంచీ టవరు లేదు, డాక్టరమ్మ ఫోను కూడా పలకడం లేదు.

నిన్ను కొట్టడానికి వచ్చినవాళ్ళ గుమ్మంలోకి నిన్ను పంపించి, మధ్యలో వదిలేశాను. నీకేమీ కాకూడదని ప్రార్థన చేస్తూ కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

అత్త


అంబాజీపేట
16 ఆగస్టు 2024

అత్తా,

టవరు వచ్చాక నాన్న ఫోనులో నీకు చెప్పారట, ఇద్దరూ దక్కారని. కానీ నాన్నకి తెలిసింది ఆసుపత్రి సంగతే. అంతకు ముందుది నేనే చెప్పాలి.

నీ గొంతు ఆగిపోగానే అందరూ నాకేసి చూశారు. చిట్టిబాబు గారు చెయ్యెత్తారు. వెనక్కి తిరిగి పరిగెడదామనిపించింది. లోపల మంచం మీద తులసక్క కనపడుతోంది, మొహం గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయి ఉంది. మంగాయమ్మ గారు చిట్టిబాబు గారి చెయ్యి పట్టుకుని, "ఆగండి. అది సుందరం గొంతే. నాతో కలిసి బళ్ళో చదువుకుంది, అబద్ధం చెప్పదు" అన్నారు. నాకేసి తిరిగి, "ఏం చెప్పమందిరా మీ అత్త? చెప్పు, ఎంతసేపయినా ఉంటాను" అన్నారు.

ఎంతసేపయినా ఉంటానని నాతో ఎవరూ అనలేదత్తా, నువ్వు తప్ప.

చెప్పాను. "బ" దగ్గర ఆగాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరో నవ్వారు, మంగాయమ్మ గారు అటు చూసేసరికి ఆపేశారు. అక్కకి బీపీ, దెయ్యం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే ఇద్దరూ పోతారు. ఇంతే నేను చెప్పింది. చెప్పేసరికి చొక్కా తడిసిపోయింది.

వీరేంద్రకి మెసేజి పెడితే మోచేతికి కట్టుతోనే ఆటో తెచ్చాడు. పరుపు వేసి అక్కని పడుకోబెట్టాం. చిట్టిబాబు గారు గొడుగు పట్టుకుని వెనక కూర్చున్నారు. అమలాపురం దగ్గర పడుతుండగా ఫిట్సు వచ్చింది. డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలోన్నర ఉంది, అద్దాలపెట్టెలో పెట్టారు. తులసక్క నిన్న కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

బీపీ పెరిగి చాలా రోజులైందనీ, వాయిద్యానికీ దానికీ సంబంధం లేదనీ డాక్టరుగారు అందరికీ వినపడేలా చెప్పారు. చిట్టిబాబు గారు వీరేంద్ర మోచేతికి తనే కొత్త కట్టు కట్టించారు.

కమిటీ రెండు రోజులు ఆలస్యంగా కూర్చుంది. మొహాలు తీసెయ్యాలనీ, బ్యాండు పేరు మార్చాలనీ అన్నారు. నేను తలూపబోతున్నాను. నాన్న లేచారు. "కొరివి దెయ్యం కథ మా అమ్మ చెప్పింది. ఆవిడ మన చర్చి తోటలోనే నిద్రపోతోంది. ఆవిణ్ణి కూడా తీసేస్తారా?" అన్నారు. కమిటీ వాళ్ళు పేరు సంగతి అక్కడితో వదిలేశారు. ఇంటికొచ్చాక నాన్న మామూలుగా పేపరు చదువుకున్నారు.

ఇంకో తంటా వచ్చిపడింది. దెయ్యాన్ని పట్టించింది మేం కాదని మంగాయమ్మ గారు ఇప్పుడు ఒప్పుకున్నారు. కానీ వదిలించింది మేమేనని అందరికీ చెబుతున్నారు. నిన్న పలివెల నుంచి ఒకావిడ వాళ్ళబ్బాయిని తీసుకొచ్చింది, వాడు సరిగ్గా చదవడం లేదట. కాస్త వాయించి పెట్టమంది!

మత్తయి


ఆసుపత్రి క్వార్టర్స్
27 ఆగస్టు 2024

నా తండ్రీ,

నీ ఉత్తరం మా వార్డులో నర్సులందరికీ చదివి వినిపించాను. సగం మందికి తెలుగు రాదు, అయినా నేను ఏడుస్తుంటే వాళ్ళూ ఏడ్చారు.

ఆ పలివెల అబ్బాయికి కళ్ళు పరీక్ష చేయించమని చెప్పు. బోర్డు కనపడక చదవడం లేదేమో. దెయ్యం వదిలించినందుకు ఎవరేమిచ్చినా పుచ్చుకోకు. మంగాయమ్మ వదిన అరటిపళ్ళు పంపితే మాత్రం తీసుకో, ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. తులసిని ఇంటికి తెచ్చాక కూడా బీపీ చూపించుకుంటూ ఉండాలి, మర్చిపోనివ్వకు.

బ్యాండు మానేస్తానన్నావు. నువ్వు మానేస్తే నేను ఊరుకోను. నేను ఇంతవరకు మీ వాయిద్యం వినలేదు. డాక్టరమ్మ ఫోనులో ఆ వీడియో పెట్టింది, చుట్టూ చేరిన రోగుల దగ్గుల్లో ఏమీ వినపడలేదు. ఏదో గుండ్రంగా తిరుగుతున్నట్టు అనిపించింది. నాకు కాస్త భయమేసింది, కాస్త నిద్రొచ్చింది. అలాగే ఉండాలా? ఉండకూడదా?

ఈసారి మీ నాన్నకి నేనేమీ చెప్పను. ఒట్టు. వాణ్ణి నువ్వే పిలువు.

సుందరత్త


అంబాజీపేట
18 నవంబరు 2024

అత్తకి,

భయమూ నిద్రా రెండూ కలిసి వచ్చాయంటే మమ్మల్ని నువ్వు సరిగ్గానే విన్నావు.

మాణిక్యాలరావు గారు తాళం తీశారు. నిన్న ఆదివారం, ఆరాధన అయ్యాక మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వాయించాం. ముగ్గు వెయ్యలేదు, నువ్వు చెప్పినందుకు. మొహాలు నేనే వద్దన్నాను. వీరేంద్ర మాత్రం తనది వదల్లేదు, అది లేకపోతే సిగ్గట. తులసక్క పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది, శబ్దానికి పాప ఉలిక్కిపడేసరికి వెనక్కి వెళ్ళిపోయింది. చిట్టిబాబు గారు కుర్చీలు వేశారు.

నాన్నని నేనే పిలిచాను. పొద్దున చర్చి మెట్ల దగ్గర, "నాన్నా, మ... మ..." అంటుంటే ఆయన ఎప్పటిలాగే "మధ్యాహ్నమా? వస్తానులే" అని పూర్తిచేసేశారు. చిన్నప్పటినుంచీ అంతే కదా. నాకు సాయం చేద్దామని నా మాటలన్నీ ఆయనే పూర్తి చేస్తారు. నేను అనబోయింది మధ్యాహ్నం కాదు, "మా వాయిద్యం వినండి" అని. పోన్లే, వచ్చారు. వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా.

ఈ మధ్య కట్టిన వరస ఒకటి చివర్లో వాయించాం. గిటారు ఒక స్వరం దగ్గర ఆగిపోతుంది. మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. బేసూ డ్రమ్మూ దానికోసం కాచుకుని ఉంటాయి. చాలాసేపటికి అది దాటుకుని ముందుకి వెళుతుంది. అలా ఎందుకు కట్టానో నేను ఆలోచించలేదు. వేళ్ళకి అలా వచ్చింది.

అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. నాన్న కుర్చీలోనే ఉన్నారు.

"ఆ చివరిదాని పేరేమిటి?"

ఇంకా పేరు పెట్టలేదని తల అడ్డంగా ఊపాను.

"అది నువ్వు మాట్లాడినట్టే ఉందిరా" అన్నారు.

వైరు కింద పెట్టి ఆయనకేసి తిరిగాను.

"అక్కడ ఆగినప్పుడల్లా నాకు నోటిదాకా వచ్చేసింది, నేనే అందించేద్దామని. ఇరవై ఏళ్ళుగా అలవాటైపోయింది. పాటలో అందించడానికి కుదరదు కదా." ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "అందుకని చివరిదాకా విన్నాను. ఇవాళే మొదటిసారి అనుకుంటా."

నేను ఏదో అనబోయాను. ఏ మాటో ఇప్పుడు గుర్తులేదు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. నాన్న పెదాలు కదిలాయి, నేను చూశాను. వెంటనే మూసేసుకున్నారు. కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అలా చూస్తూ కూర్చున్నారు.

మత్తయి